కరువు నేలలో కట్ట తెగిన కథ

అనంతపురం అంటే అందరికీ కరువే గుర్తొస్తుంది. 1876లో మొదలైన ధాత కరువు ఈ సీమను ఊడ్చేసింది. ఏడాది సగటు వాన ఇప్పటికీ 550 మిల్లీమీటర్ల దరిదాపే. అయినా ఇక్కడ తరతరాలుగా చెప్పుకున్న కథ మాత్రం వరదది. బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతే ఊరిని కాపాడటానికి బసిరెడ్డి చిన్నకోడలు ముసలమ్మ ప్రాణమిచ్చింది. 1853లో సి.పి. బ్రౌన్ అచ్చు వేయించిన అనంతపురం చరిత్రలోని ఈ కథనే కట్టమంచి రామలింగారెడ్డి ‘ముసలమ్మ మరణము’ కావ్యంగా రాశారు.

నీళ్లకు మొహం వాచిన చోట నీళ్లంటే ఇంత భయమెందుకు?

జవాబు ఆకాశంలో ఉంది. ముంగారు (నైరుతి) మబ్బులు పడమటి కనుమల అవతలే కురిసి, ఇటు గాలిగా మిగులుతాయి. హింగారు (ఈశాన్య) మబ్బులు తూర్పు తీరంలోనే చాలావరకు ఖాళీ అవుతాయి. మరి ఇక్కడికి పెద్ద వాన ఎలా వస్తుంది? జపాన్‌లో అయితే జూన్, జూలై నెలల్లో చల్లగాలి, వేడిగాలి ఎదురెదురుగా నిలిచి, ఏదీ వెనక్కి తగ్గక వారాల తరబడి ముసురు పట్టిస్తాయి. అలాంటి గాలుల సరిహద్దు ఏర్పడాలంటే రెండు గాలుల వేడిలో పెద్ద తేడా ఉండాలి. మన దగ్గర ఆ తేడా ఉండదు. ఇక్కడ పెద్ద వాన తెచ్చేది బంగాళాఖాతంలో పుట్టే అల్పపీడనం. అది తీరం దాటి సీమ మీదికి వచ్చి మెల్లగా కదిలిందంటే, నెలల వాన ఒకటి రెండు రోజుల్లో కుమ్మరిస్తుంది.

ఆ ఒకటి రెండు రోజుల నీళ్లను ఏడాదికి దాచుకోవడమే ఈ సీమ చరిత్ర అనాలి. విజయనగర రాజు మొదటి బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు 1364లో పండమేరు వాగుకు అడ్డంగా కట్ట వేయించాడని చెబుతారు. ఆ కట్ట చివరల వెలిసిన ఊళ్లే బుక్కరాయసముద్రం, అనంతసాగరం. చెరువు నిండితే మరువ (అలుగు) పారాలి. మరువ చాలకపోతే కట్టకే గండి. ముసలమ్మ కథ పుట్టింది ఆ భయం నుంచే.

ఆ భయం ఇంకా తీరలేదు. 2022 అక్టోబరులో అనంతపురం నగరంలో కాలనీలు మునిగాయి. 2024 అక్టోబరులో పండమేరు ఇళ్ల మీదికి వచ్చింది. వంకల దారిలో ఇళ్లు కట్టుకోనిచ్చిన పాలనదే ఇందులో పెద్ద తప్పు. రైతుకు మరో దెబ్బ కూడా ఉంది. ముంగారులో విత్తిన వేరుశనగ పీకి ఆరబెట్టే రోజులూ, అల్పపీడనాలు వచ్చే రోజులూ ఒకటే. తడిసిన కాయ నల్లబడుతుంది, కట్టె కుళ్లిపోయి పశువులకు మేత లేకుండా పోతుంది.