యూదయ కంచు నాణేలు (రోమన్ యుగం)

రోమన్ల ఏలుబడిలో యూదయలో చెల్లిన చిన్న కంచు నాణెం ప్రూటా. బరువు సుమారు రెండు గ్రాములు. సున్నపురాతి అచ్చుల్లో బిళ్ళలను వరుసగా పోతపోసి, ముద్రించాక విడగొట్టేవారు. అంచులు వంకరగా ఉండటానికీ, ముద్ర పక్కకు జరగడానికీ కారణమిదే. ఇది నకిలీకి గుర్తు కాదు.

యూదుల మత నియమాన్ని మన్నించి రోమన్ అధికారులు వీటిపై సాధారణంగా మనిషి ముఖం వేయలేదు. రోమన్ అధికారి పొంతి పిలాతు మాత్రం క్రీ.శ. 29-31 మధ్య రోమన్ పూజారుల వంపు కర్రనూ, గరిటెనూ ముద్రించాడు. సేకర్తలు ఎక్కువగా వెతికేవి ఇవే. బైబిల్లోని విధవరాలి కాసుల పేరుతో అమ్ముడయ్యేవి చాలావరకు అంతకు ముందటి యూదు రాజు అలెగ్జాండర్ యన్నయి నాటివి. ఆ పేరు చరిత్ర కన్నా వ్యాపారానికే ఎక్కువ పనికొచ్చింది.

రోమన్లపై యూదుల తిరుగుబాటు (క్రీ.శ. 66-70) నాటి నాణేలపై కూజా, ద్రాక్షాకు, ‘సీయోను స్వాతంత్ర్యం’ అన్న హీబ్రూ రాత ఉంటాయి. తర్వాతి తిరుగుబాటు (132-135) నాయకుడు బార్ కోఖ్బా రోమన్ నాణేల మీదే తన ముద్ర కొట్టించాడు. కొన్నింటిలో అడుగున చక్రవర్తి ఆనవాళ్లు నేటికీ కనబడతాయి.

కంచుపై గట్టిపడిన పచ్చని పొరను గీకితే వివరాలూ, విలువా పోతాయి. పొడిలా రాలే లేత ఆకుపచ్చ మచ్చలు మాత్రం క్లోరైడ్ తెగులు. అలాంటి నాణేన్ని విడిగా, పొడిగా ఉంచాలి. దొరికిన చోటు నమోదు కాకపోతే నాణెం చెప్పే చరిత్రలో సగం పోయినట్టే. ఇజ్రాయెల్‌లో 1978 చట్టం తర్వాత బయటపడిన పురావస్తువులు ప్రభుత్వానివి. అక్కడి నుంచి ఎగుమతికి అనుమతి తప్పనిసరి.