దూరదేశ విద్య – వ్యయ విచారము

గంజాము సీమలోని తెలుగువారికి విద్యార్థమై సముద్రము దాటుట క్రొత్త గాదు. 1894లో బరంపురమున జన్మించిన వరాహగిరి వేంకటగిరిగారు 1913లో న్యాయశాస్త్రాధ్యయనమునకై ఐర్లండులోని డబ్లిన్ నగరమున కేగిరి.

అమెరికాకు పోయిన ఆంధ్రులలో ప్రాతఃస్మరణీయులు యల్లాప్రగడ సుబ్బారావుగారు. మామగారి సాయమునకు కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మనిధి తోడుకాగా బోస్టను చేరి, హార్వర్డులో ప్రవేశించిరి. అచ్చట ఆసుపత్రిలో కూలిపని చేసి పొట్ట పోసికొనుచు చదివిరి. 1930లో డాక్టరేటు పొందిరి.

ప్రవేశము దొరకుట వేఱు, దినములు గడచుట వేఱు. నేడు సుబ్బారావుగారి మార్గము ఇఱుకైనది. విద్యార్థి వీసాకు మొదటి సంవత్సరపు వ్యయమునకు చాలినంత సొమ్మును ముందుగానే చూపవలెను. చదువు సాగు దినములలో సాధారణముగా విద్యాలయ ప్రాంగణముననే, వారమునకు 20 గంటలకు మించక పనిచేయవలెను. కూలితో ఫీజు కట్టుదమను ఆశ నిలువదు.

ఉద్యోగమంతయు లెక్కల పుస్తకములతో గడపిన మాకు తోచునది యిది. ఫైనాన్సు చదువగోరు పిల్లలు విశ్వవిద్యాలయపు పేరుకంటె ముందు ఫీజు, బస, భోజనము, ఆరోగ్య బీమా కలిపి మొత్తము కూడవలెను. ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో ఫీజు తఱచుగా తక్కువ. కాని స్థానికుల ఫీజు వేఱు, మనవారి ఫీజు వేఱు. చిన్న పట్టణమున అద్దె కలిసివచ్చును.

ఋషికుల్య మొగనున్న పొడంపేట జాలరులు సముద్రపు కోతకు ఇండ్లు విడిచి దూరముగా కట్టుకొనిరి. ఇల్లు తాకట్టుపెట్టి పిల్లను పంపబోవు తల్లిదండ్రులు ముందుగా ఈ లెక్క చూడవలెనని మా మనవి.