మన వంటింటి మాటలు – మన చరిత్ర

చరిత్ర అనగానే మనకు కోటలు, తారీఖులు, నవాబుల పేర్లు గుర్తుకు వస్తాయి. కాని మన పెద్దలలో నూటికి తొంభై మంది నవాబులు కారు. దూది ఏకినవారు, మగ్గం నేసినవారు, జట్కా తోలినవారు, కౌలు సేద్యం చేసినవారు, సంతలో చిన్న కొట్టు పెట్టుకున్నవారు. వారి పేర్లు ఏ శాసనంలోను కనపడవు. అయితే వారు ఎక్కడ బ్రతికారో, ఎవరి పక్కన బ్రతికారో, ఇరుగు పొరుగుకు ఏమి ఇచ్చి ఏమి పుచ్చుకున్నారో తెలిపే ఆధారం ఒకటి మన ఇళ్ళలోనే ఉన్నది. అది వంటిల్లు. రోజూ మనం తినే పదార్థాలను మనం పిలిచే పేర్లే ఆ చరిత్రకు దస్తావేజులు. వాటిలో కొన్నింటిని ఈ వ్యాసంలో విప్పి చూద్దాము.

ఒకే గడ్డ, మూడు పేర్లు

మన కుటుంబాలలో కోస్తా పిల్లను రాయలసీమకు ఇవ్వడం, తెలంగాణ పిల్లను కోస్తాకు తెచ్చుకోవడం పరిపాటే. కొత్త కోడలికి అత్తవారింట మొదటి పరీక్ష వంట కాదు, వంట సామాను పేర్లు. కడప అత్తగారు "ఎర్రగడ్డలు తరుగమ్మా" అంటే గుంటూరు కోడలు బిత్తరపోతుంది. ఆమె పుట్టింట అది ఉల్లిపాయ. నల్లగొండ కోడలికైతే అది ఉల్లిగడ్డ. హైదరాబాదు వారికి ఎర్రగడ్డ అంటే ఒక పేట పేరు! వెల్లుల్లి సంగతీ అంతే. తెలంగాణలో ఎల్లిగడ్డ, సీమలో తెల్లగడ్డ. ఎర్రనిది ఎర్రగడ్డ, తెల్లనిది తెల్లగడ్డ అని రంగు చూసి పేరు పెట్టిన సీమవారి పద్ధతిలో ఎంత సూటిదనం ఉన్నదో చూడండి.

ఇలాంటివి ఇంకా ఎన్నో. కోస్తాలో గోరుచిక్కుడు అనేదాన్ని తెలంగాణలో గోకరకాయ అంటారు, సీమలో మటిక్కాయ అంటారు. వేరుశనగ కొందరికి పల్లీలు, కొందరికి సెనిక్కాయలు, కర్నూలు వైపు వారికి బుడ్డలు. కోస్తావారి మరమరాలు సీమకు పోతే బొరుగులు అవుతాయి. ఆ బొరుగులను నీళ్ళలో తడిపి తాలింపు వేస్తే ఉగ్గాణి అవుతుంది. రాగులు తెలంగాణ పల్లెలో తైదలు, ఉత్తరాంధ్రలో చోళ్ళు. మజ్జిగ తెలంగాణలో సల్ల. కోస్తాలో పచ్చడి అనుకునేది అక్కడ తొక్కు, సీమలో ఊరిబిండి.

అన్నింటికన్నా చిక్కు తెచ్చే పేరు అనపకాయ. కోస్తాలో దీర్ఘం తీసి ఆనపకాయ అంటే సొరకాయ. చిత్తూరు వైపు అనపకాయ అంటే చిక్కుడు జాతి కాయ. దాని గింజలను నానబెట్టి, తోలు పితికి, పితికిపప్పు చేసుకుంటారు. కోడలు సొరకాయ కోసం ఎదురు చూస్తూ కూర్చుంటే, మామగారు సంత నుండి చిక్కుడు కాయలు తెచ్చి ముందర పోస్తారు. ఇద్దరి మాటా సరైనదే. ఇద్దరిలో ఎవరినీ తప్పు పట్టడానికి లేదు.

ఈ తేడాలు ఎందుకు వచ్చాయి

తెలుగునేలలో చాలా భాగం ఒకప్పుడు గోల్కొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలో ఉండేది. 1518 నుండి 1687 వరకు వారు పాలించారు. తరువాతి కాలంలో దారులు వేరయ్యాయి. 18వ శతాబ్దం రెండవ సగంలో కోస్తా జిల్లాలు, 1800లో సీమ జిల్లాలు ఇంగ్లీషు కంపెనీ చేతిలోకి పోయాయి; కర్నూలు నవాబు రాజ్యం 1839లో పోయింది. తెలంగాణ మాత్రం 1948 వరకు నిజాము పాలనలోనే ఉన్నది. కచేరీలోను, బడిలోను అక్కడ ఉర్దూ రాజ్యమేలింది. సీమకు ఒక వైపు కన్నడం, ఒక వైపు తమిళం. కోస్తాకు సముద్రం, మచిలీపట్నం వంటి రేవులు, మదరాసు రాకపోకలు. 1956లో మూడు ప్రాంతాలు ఒక రాష్ట్రమైనాయి, 2014లో రెండు రాష్ట్రాలైనాయి. గీతలు ఎన్నిసార్లు మారినా, పొయ్యి దగ్గరి మాట మాత్రం తన పాత దారిలోనే నడుస్తూ వచ్చింది.

ఉదాహరణకు బంగాళాదుంపను తీసుకోండి. ఈ దుంప మన దేశపుది కాదు. దక్షిణ అమెరికాలో పుట్టి, ఐరోపా వర్తకుల వెంట ఓడల మీద ఇక్కడికి చేరింది. కోస్తావారు దానిని బంగాళా దేశం నుండి వచ్చిన దుంపగా ఎరిగి బంగాళాదుంప అన్నారు. సీమవారు తమిళుల ఉరుళైక్కిళంగును తమ నోటికి అనుకూలంగా ఉర్లగడ్డ చేసుకున్నారు. తెలంగాణవారు ఉర్దూ ఆలూకు తెలుగు గడ్డను అతికించి ఆలుగడ్డ అన్నారు. మూడు పేర్లు మూడు బాటలను చెప్పుతున్నాయి. ఎవరికి ఏ దిక్కు నుండి సరుకు వచ్చిందో, ఎవరితో ఎక్కువ పొత్తు ఉన్నదో ఒక్క దుంప చెప్పేస్తుంది.

మిరపకాయా అంతే. మన కూరలకు ప్రాణమనుకునే ఈ కారం పోర్చుగీసువారు 16వ శతాబ్దంలో అమెరికా ఖండం నుండి తెచ్చినది. అంతకు ముందు మన పెద్దలకు కారమంటే మిరియమే. కొత్త కాయకు పాత మిరియం పేరునే అంటగట్టి మిరపకాయ చేసుకున్నారు.

మన మాట వారి ఇంటికి

ఇక మన ఇళ్ళ నుండి తెలుగువారందరి ఇళ్ళకు చేరిన మాటలు చూద్దాము. బిర్యానీ అన్నది వేయించడాన్ని, కాల్చడాన్ని చెప్పే ఫార్సీ మాట నుండి వచ్చింది. దమ్ అంటే ఊపిరి. మూత చుట్టూ పిండి అద్ది ఆవిరిని లోపలే బిగబట్టడమే దమ్ పెట్టడం. ఖీమా, కుర్మా తురకీ భాష నుండి వచ్చినవి. హల్వా, షర్బత్, మసాలా అరబ్బీ మాటలు. షోర్బా అన్న ఫార్సీ మాట పల్లెకు వచ్చేసరికి షేర్వా అయింది, ఇంకా లోపలికి పోయి సెరువ అయింది. ఈనాడు ఏ కులం వారింట మాంసం వండినా తెలంగాణలోను, సీమలోను సెరువ అనే అడుగుతారు.

తెలంగాణ పెళ్ళిళ్ళలో బగారా అన్నం లేనిదే విందు పూర్తి కాదు. ఉర్దూలో బఘార్ అంటే పోపు. కోస్తాలో పోపు, తాలింపు, తిరగమాత అని రకరకాలుగా అనేది ఇదే. బగారా ఉర్దూది, అన్నం తెలుగుది. రెండు భాషలు ఒకే గిన్నెలో ఉడికిన వంటకం అది. సీమ వైపు మసాలా వేసి ముక్కలు లేకుండా వండితే దానిని కుస్కా అంటారు. ఫార్సీలో ఖుష్క్ అంటే పొడిగా ఉన్నది అని అర్థం.

అన్నిటికన్నా మనసుకు హత్తుకునే ఉదాహరణ మలీద. ఫార్సీలో ఈ మాటకు నలిపినది అని అర్థం. రొట్టెలను చేతితో నలిపి, బెల్లం కలిపి ముద్దలు చేస్తారు. పీర్ల పండుగకు తెలంగాణ పల్లెల్లో హిందువులు, ముస్లిములు అన్న తేడా లేకుండా మలీద ముద్దలు పట్టుకొని వస్తారు. సద్దుల బతుకమ్మ నాడు ఆడపడుచులు పంచుకునే ఫలహారంలోను ఇదే మలీద ఉంటుంది. మాట ఇరాన్ నుండి వచ్చింది, బెల్లం మన చెరకుది, చేతులు అందరివీ. నెల్లూరు బారాషహీద్ దర్గా వద్ద ముహర్రం మాసంలో జరిగే ఉత్సవాన్ని జనమంతా రొట్టెల పండుగ అనే తెలుగు పేరుతోనే పిలుస్తారు. కోరిక తీరినవారు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవారు పుచ్చుకుంటారు. ఇచ్చేవారి మతం ఏమిటని అక్కడ ఎవరూ అడగరు.

వారి మాట మన ఇంటికి

ఇచ్చినదే చెప్పి పుచ్చుకున్నది చెప్పకపోతే అది చరిత్ర అనిపించుకోదు. 1327 ప్రాంతంలో మహమ్మద్ బిన్ తుగ్లక్ రాజధానిని ఢిల్లీ నుండి దౌలతాబాదుకు మార్చినప్పుడు ఉత్తరాది భాష ఎందరి నోటనో దక్కనుకు వచ్చింది. 1347లో బహమనీ రాజ్యం ఏర్పడింది. ఆ భాష ఇక్కడి తెలుగు, కన్నడ, మరాఠీల మధ్య పెరిగి దక్కనీ అయింది. మన అమ్మీలు, నానీలు మాట్లాడేది ఈ దక్కనీయే.

ఢిల్లీవారు కడీపత్తా అంటే మన దక్కనీలో కరేపాక్. అది మన తెలుగు కరివేపాకే. వారు హరా ధనియా అంటే మనం కొత్మీర్ అంటాము. అటు మరాఠీ కోథింబీర్, ఇటు తెలుగు కొత్తిమీర, రెండూ దానికి చుట్టాలే. చింతచిగురు వేసి మాంసం వండితే దక్కనీలో చిగుర్ గోష్ట్. ఈ చిగుర్ అనే మాట లక్నోలో అడిగితే ఎవరికీ తెలియదు. తెలుగు చెట్టుకు పూసిన మాట అది. ఉత్తరాదివారు షరీఫా అనే పండును మనం సీతాఫల్ అనే అంటాము. ఆ పేరు పలకడానికి మన పెద్దలలో ఎవరూ సందేహించలేదు. కోస్తా గోంగూర తెలంగాణలో పుంటికూర, దక్కనీలో అంబాడా. పేరు ఏదైనా, దానిని మాంసంలో వేసి వండే విద్య అందరిదీ.

ఇక దక్కనీ కూడా లేకుండా ఇంట్లో తెలుగే మాట్లాడే ముస్లిములు మనలో తక్కువేమీ కాదు. నూర్‌బాషా, దూదేకుల సోదరుల ఇళ్ళలో తరతరాలుగా తెలుగే తల్లిభాష. వారి ఇంట బువ్వ, కూర, సంగటి అన్న మాటలే రంజాను ఇఫ్తారు దగ్గర కూడా వినపడతాయి.

ఈ ఇచ్చిపుచ్చుకోవడం పేదల ఇళ్ళకే పరిమితం కాలేదు. 1550 నుండి 1580 వరకు గోల్కొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు మల్కిభరాముడని ఆప్యాయంగా పిలుచుకున్నారు. సంస్కృతం కలపకుండా అచ్చ తెలుగులో వచ్చిన తొలి కావ్యం, పొన్నిగంటి తెలగన్న యయాతి చరిత్ర, అంకితం పొందినది అమీన్ ఖాను అనే ముస్లిము సర్దారు. అచ్చ తెలుగు పుట్టినప్పుడు దాని పక్కన నిలబడినవాడు మనవాడే అన్న సంగతి మన పిల్లలకు చెప్పవలసి ఉన్నది.

రెండు వైపుల నవ్వులు

ఇంత చరిత్ర ఉన్న మాటలకు ఈనాడు పట్టిన గతి ఏమిటి? మన దక్కనీ విని ఉత్తరాది ఉర్దూవారు నవ్వుతారు, ఇదేమి ఉర్దూ అని. మన తెలుగు విని పుస్తకాల తెలుగువారు నవ్వుతారు, ఇది తురక తెలుగు అని. ఈ రెండు నవ్వుల మధ్య మన పిల్లలు నలిగిపోతున్నారు. ఎర్రగడ్డ అన్న పిల్లవాడు బడిలో తోటివారు నవ్వితే ఇంటికి వచ్చి, "అమ్మీ, అలా అనకు, ఆనియన్ అను" అంటున్నాడు. సినిమాలో, టీవీలో, పాఠ్యపుస్తకంలో లేని మాట తప్పు మాట అని వాడి నమ్మకం. నానమ్మ మాట తప్పు అనుకున్న పిల్లవాడు రేపు నానమ్మ చెప్పే మంచిని మాత్రం వింటాడా?

భాషాశాస్త్రం తెలిసినవారు ఈ మాటలను ఎన్నడూ చిన్నచూపు చూడలేదు. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఊరూరా రైతుల నోటి మాటలను సేకరింపజేసి, 1962లో మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ సంపుటాన్ని వెలువరించారు. 1971లో చేనేత పదాల సంపుటం వచ్చింది. నాగలికి, మగ్గానికి జరిగిన గౌరవం మన పొయ్యికి కూడా జరగాలి. అందుకు పండితులు రావాలని ఎదురు చూడనక్కరలేదు. ఇంట్లో చదువుకున్న పిల్ల ఒకతె ఉంటే చాలు.

మన సభ్యులకు ఒక మనవి

ఇంటింటా ఒక నోటుబుక్కు పెట్టండి. నానీ, దాదీ, జేజి, అమ్మమ్మ, ఎవరు ఉంటే వారి దగ్గర కూర్చోండి. వారు ఆకుకూరలను ఏమని పిలుస్తారో, పప్పులను, పిండివంటలను, గిన్నెలను, గరిటెలను ఏమని పిలుస్తారో వారు పలికినట్లే వ్రాయండి, దిద్దవద్దు. ఆ మాట ఏ ఊరిదో, వారు పుట్టింటి నుండి తెచ్చుకున్నదో అత్తవారింట నేర్చుకున్నదో అది కూడా పక్కన వ్రాయండి. షాదీలకు, వలీమాలకు వండిపెట్టే మన వంటవారిని కూడా అడగండి. వారికి తెలిసినన్ని మాటలు మరెవరికీ తెలియవు.

ఈ పని తొందరగా జరగాలి. ఒక ముసలమ్మ జనాజా లేచిన రోజున ఆమెతో పాటు ఎన్ని మాటలు ఇంటి గడప దాటిపోతాయో మనకు తెలియదు. మీరు ఈ నేలకు ఎప్పుడు వచ్చారు అని రేపు ఎవరైనా మన పిల్లలను అడిగితే, వారు పెద్ద గ్రంథాలు తిరగవేయనక్కర లేదు. కరేపాక్, చిగుర్, కొత్మీర్, సీతాఫల్ అని నాలుగు మాటలు చెప్పగలిగితే చాలు. ఆ మాటలు ఒక్క రోజులో నోటికి వచ్చినవి కావు. ఈ నీళ్ళు త్రాగి, ఈ గింజలు తిని, ఈ పక్కింటివారితో గిన్నెలు మార్చుకొని, ఆరేడు వందల ఏళ్ళు గడిపితే వచ్చినవి. వాటిని కాపాడుకొనే బుద్ధిని అల్లాహ్ మనకందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.