దొరల డేరా, మన ఆకు గుడిసె

అడవిలో రాత్రి గడపడానికి మన కోయ పెద్దలు డేరా మోసుకుపోలేదు. నడుముకు కత్తి, భుజాన విల్లు ఉంటే చాలు. వెదురు, అడ్డాకు, కట్టడానికి నార అడవే ఇచ్చేది. ఒంటరిగా వేటకు వెళ్లినవాడు పొద్దు వాలకముందే గాలికి వీపు పెట్టి, కూర్చుంటే తల తగిలేంత ఎత్తులో గుడిసె వేసుకునేవాడు. ఎత్తు తక్కువైతే గాలివానకు ఎగిరిపోదు. ఆకును కింది వరస నుంచి పైకి పరిస్తే నీరు జారిపోతుంది. వాగు ఒడ్డున, ఎండుచెట్టు కింద మాత్రం వేసేవాడు కాదు.

డేరాలు దొరలవి. బ్రిటిషు పాలనలో భద్రాచలం, నిజాం పాలనలో ఖమ్మం: రెండు వైపులా అడవి సర్కారుదైంది. అధికారుల సామాను వెట్టికి మోసింది మన తాతలే. గుడ్డ డేరా వాళ్లకు తేలిక, ఎందుకంటే బరువు మన భుజాల మీద ఉంది.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. 2006 అటవీ హక్కుల చట్టం కూడా వేట హక్కు ఇవ్వలేదు. వేట ఆగింది, సరే. దానితో పాటు ఈ విద్య కూడా పోవాలా? పోడు చేనులో మంచె ఇంకా నిలిచే ఉంది. దాన్ని కట్టే తాతను ఒక్కరోజు బడికి పిలుద్దాం. పిల్లలు ముడి వేయడం నేర్చుకుంటే, అదీ మన చరిత్ర పాఠమే.