దసలి దారం, మోకాలి బంధం

గోదావరి వెంట చెన్నూరు, మహదేవపూర్ అడవుల నుంచి తూర్పు కనుమల్లోని చింతూరు మన్యం దాకా గిరిజన కుటుంబాలు తెల్లమద్ది, నల్లమద్ది చెట్ల మీద దసలి పట్టుపురుగును పెంచుతున్నాయి. అది కట్టే కాయ గట్టి తొడిమతో వేలాడుతుంది. తొడిమ కొస ఉంగరంలా కొమ్మను చుట్టుకొని ఉండటం వల్ల గాలివానకు కొమ్మ ఊగినా కాయ రాలదు. ఎముకను ఎముకతో పట్టి ఉంచే లిగమెంటు, అంటే సంధిబంధనం, చేసే పని కూడా ఇటువంటిదే.

మోకాలిలోని ముందరి అడ్డబంధనం తెగితే సాధారణంగా తనంతట తాను అతకదు. కీలులోని ద్రవంలో నెత్తురు గడ్డకట్టి నిలవనందున తెగిన కొసల మధ్య కొత్త కణజాలానికి ఆధారం దొరకదు. 1895లో ఇంగ్లండులోని లీడ్స్‌లో మేయో రాబ్సన్ ఒక గని కార్మికుడి బంధనాలను జంతువుల పేగుతో చేసిన దారంతో కుట్టగా, 1903లో మ్యూనిక్ వైద్యుడు ఫ్రిట్జ్ లాంగె పట్టుదారాన్నే బంధనంగా వాడాడు. తరువాత వచ్చిన కార్బన్, గోర్‌టెక్స్ పోగులు అరిగి, రాలిన రజనుతో కీలు వాచి, చాలావరకు మూలపడ్డాయి. ఆ కాలంలో వైద్యులు ఎక్కువగా గట్టి తాడు కోసమే వెదికారు; దేహం తన బంధనాన్ని తానే అల్లుకోవడానికి కావలసిన పందిరిని గురించి ఆలోచించింది తక్కువ.

కణజాల ఇంజనీరింగ్ అటువంటి పందిరినే వేస్తుంది: కణాలు దానిపై పాకి కొల్లాజెన్ అనే మాంసకృత్తును అల్లుకునేకొద్దీ, ఆ ఆధారం మెల్లగా కరిగిపోవాలి. 2002లో అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో గ్రెగరీ ఆల్ట్‌మన్, డేవిడ్ కాప్లాన్ బృందం మల్బరీ పట్టు నుంచి, వాపు కలిగించే సెరిసిన్ అనే జిగురును తీసివేసి, మిగిలిన ఫైబ్రాయిన్ అనే మాంసకృత్తు పోగులను పురి మీద పురి వేసి బంధనపు ఆధారాన్ని తయారు చేసింది. జిగురు తీయడమూ, పురి వేయడమూ దసలి పల్లెలు ఎరిగిన పనులే. కాయలను సోడా నీటిలో ఉడికించి, పోగులను తొడమీద పురితిప్పి దారం తీసే స్త్రీల చేతివిద్య ఈ చరిత్రలో భాగమని చెప్పకపోతే ఆ చరిత్ర అసంపూర్ణమే.

దసలి పట్టుకు మరొక విశేషం ఉంది. ఆర్జినైన్, గ్లైసీన్, ఆస్పార్టిక్ ఆమ్లం అనే అమైనో ఆమ్లాలు వరుసగా వచ్చే చోటును కణాలు పట్టుకొమ్మగా ఎంచుకుంటాయి. మల్బరీ ఫైబ్రాయిన్‌లో లేని ఆ వరుస దసలి ఫైబ్రాయిన్‌లో ఉంది. ఖరగ్‌పూర్ ఐఐటీలో సుభాస్ కుందూ బృందం దీనిపై పరిశోధించింది. అయితే దసలి కాయ మొండిది, దాని పోగును కరిగించడం కష్టం. అందుకని కాయ కట్టబోయే పురుగు పట్టుగ్రంథి నుంచే ఫైబ్రాయిన్‌ను తీసి ప్రయోగాలు సాగించారు.