హాలీ సిక్కానుండి నయా పైసకు

కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాల పాత దస్తావేజులను చదువు పరిశోధకునకు మొదట కలుగు సందేహము రూపాయిని గూర్చినదే. పత్రమున నూరు రూపాయలని యున్నచో అవి హాలీ రూపాయలా, కల్దారులా? నిజాము రాజ్యపు సొంత నాణెము హాలీ సిక్కా. బ్రిటిషు ఇండియా రూపాయిని ఇచట కల్దారనెడివారు. ఏడు హాలీలు ఆరు కల్దారులకు సమానము. అనగా నూరు హాలీ రూపాయల విలువ నేటి లెక్కలో సుమారు 85 రూపాయల 71 పైసలు. ఈ భేదమును గమనింపక రెండు కాలముల ధరలను పోల్చినచో వాదము మొదటనే తప్పుదారి పట్టును.

భారత ప్రభుత్వము 1955లో నాణెముల చట్టమును సవరించి, 1957 ఏప్రిల్ 1 నుండి రూపాయిని నూరు నయా పైసలుగా విభజించినది. అప్పటికి తెలంగాణము ఆంధ్రప్రదేశమున చేరి సరిగా ఐదు మాసములు. హాలీ సిక్కా చెలామణినుండి తొలగింపబడినదియు ఆ దశకముననే. ఇతర ప్రాంతముల ప్రజ ఒక్క మార్పునకు అలవాటుపడవలసి యుండగా, ఇచటివారు కొలది యేండ్లలో రెంటిని ఎదుర్కొనిరి.

రెండవ మార్పే లోతైనది. హాలీయైనను కల్దారైనను రూపాయికి పదహారణాలే. లెక్క మారలేదు, విలువ మాత్రమే మారినది. పదహారు సగమునకు సగముగా తెగుచు పోవు సంఖ్య: ఎనిమిదణాలు, పావలా, బేడ, అణా. తూనికయు అట్టిదే; సేరునకు పదహారు ఛటాకులు. సేరు రూపాయియైన ఛటాకు అణా. సేరు పన్నెండణాలైన ఛటాకు మూడు పాత పైసలు. అక్షరము రాని కొనుగోలుదారు సైతము నోటిలెక్కతో వర్తకుని నిలదీయగలిగెడిది ఇందుచేతనే. మెట్రిక్ తూనికలు 1958 అక్టోబరునుండి గాని దశలవారీగా ఆరంభము కాలేదు. ఆ నడుమ సేరు పాతది, పైస క్రొత్తది. పన్నెండణాల సేరు 75 నయా పైసలు కాగా, ఛటాకు వెల 4.6875! దీనిని అంగడిలో నిలువబడి లెక్కించునదెవరు? దశాంశ పద్ధతి సులభమని పాఠ్యగ్రంథములు చెప్పుట నిజమే. అయితే ఆ సౌలభ్యము కాగితముపై లెక్క వ్రాయువారికే ముందుగా లభించినది.

అణాకు ఆరుంబావు నయా పైసలు. చట్టము అర పైసను, అంతకు తక్కువైన భిన్నమును విడిచిపెట్టినది. కావున అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, నాలుగణాలకు 25. అణా సరకును విడివిడిగా పదహారు మారులు కొన్నవాడు 96 పైసలు చెల్లించును. విక్రేత ఆరునకు మారుగా ఏడు పుచ్చుకొనినచో 112. పెద్ద బేరమున కనబడని ఈ తేడా చిన్న బేరముననే తగులును.

క్రొత్త నాణెములను రూపుచేతనే గుర్తింపవచ్చును. ఒక పైస గుండ్రము, ఐదు పైసలు చదరము, రెండును పదియు అంచున వంపులు దిద్దినవి. 'నయా' అను విశేషణము 1964 జూన్ 1న తొలగినది. అరువది నాలుగింట రూపాయియగు పాత పైసనుండి వేరుపరచుటకే అది చేర్చబడినది.

భాష మాత్రము చట్టమును లెక్కచేయలేదు. పావు రూపాయి నాణెము చారాణయే, అర రూపాయి ఆఠాణయే. 'చారాణ కోడికి బారాణ మసాల' అను సామెతను పైసలలోనికి మార్చిన వారెవరును లేరు. పావలా నాణెమును, అంతకు చిన్నవియు 2011 జూన్ 30 నుండి చెల్లకుండ పోయినవి. సామెత చెల్లుచునే యున్నది. కావున మౌఖిక సాక్ష్యమున చారాణ, ఆఠాణ యను మాటలు వినవచ్చినంతమాత్రమున ఆ ధర 1957కు ముందటిదని నిర్ణయింపరాదు. అది హాలీ ధరయని అసలే తలపరాదు.