బినోదిని పేరు ఎవరికి కావాలి?

బెంగాలీ నాటకరంగం అనగానే జాతీయవాద చరిత్ర రెండు సంగతులు చెప్తుంది. 1872లో కలకత్తాలో 'నీల్ దర్పణ్'తో మొదలైన నేషనల్ థియేటర్. నాటకాలకు జడిసి తెల్లదొరలు తెచ్చిన 1876 నాటక ప్రదర్శనల చట్టం. ఈ కథలో ఇటు జాతి, అటు దొర, ఇద్దరే. స్టేజి మీద నిలబడ్డ ఆడమనిషి ఏ వాడ నుంచి వచ్చిందని అడిగేవాళ్ళు తక్కువ.

1873లో బెంగాల్ థియేటర్ నలుగురు స్త్రీలను తీసుకుంది. అందరూ వేశ్యావాడలవాళ్ళే. భద్రలోకుల ఇళ్ళ ఆడవాళ్ళు స్టేజి ఎక్కరు కాబట్టి వీళ్ళు కావాల్సొచ్చారు. మరుసటేడు బినోదిని దాసి పదకొండేళ్ళ వయసులో గ్రేట్ నేషనల్ థియేటర్‌లో చేరింది. 1875లో లక్నోలో 'నీల్ దర్పణ్' ఆడుతుండగా, రైతు తోరాప్ దొరను కొట్టే ఘట్టంలో తెల్లవాళ్ళు స్టేజి మీదికొచ్చారు. చరిత్రకారులకిది ధిక్కారం. అందులో వేషం కట్టిన బినోదిని జ్ఞాపకంలో మాత్రం ఆడవాళ్ళ వణుకు కూడా ఉంది.

1883లో గుర్ముఖ్ రాయ్ అనే ధనికుడు థియేటర్ కట్టిస్తానన్నాడు, బినోదిని తనదైతేనే. తోటివాళ్ళు బతిమాలితే ఆమె ఒప్పుకుంది. నీ పేరు మీద 'బి థియేటర్' పెడతామన్నారు. తీరా రిజిస్టర్ చేయించింది 'స్టార్' అని. ఆమె ఒళ్ళు పనికొచ్చింది, పేరు పనికిరాలేదు.

1884లో ఆమె చైతన్యుడి వేషం చూసి రామకృష్ణ పరమహంస దీవించాడు. అందరూ పదేపదే చెప్పేది ఈ దృశ్యమే. పతిత పావని అయిందంటారు. పతిత అని ముద్ర వేసిందెవరన్న ప్రశ్న అక్కడితో మాయం. కూతుర్ని చదివించబోతే పుట్టుక చూసి బడిలోకి రానివ్వని సంగతి అంతగా చెప్పరు. బినోదిని దళితురాలని మేం అనడం లేదు. కానీ ఇంట్లో మొదటిసారి బడి గడప తొక్కిన మాబోటోళ్ళకి ఆ మూసిన తలుపు బాగా తెలుసు.

2024 చివర్లో కలకత్తా స్టార్‌కు బినోదిని పేరు పెడుతున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. సంతోషమే. అయితే హాతీబగాన్‌లోని ఆ స్టార్ 1888లో మొదలైంది. ఆమె 1887 నాటికే నటన మానేసింది. తను బలైన బీడన్ వీధి స్టార్ అది కాదు. ఆమె ఎన్నడూ ఎక్కని స్టేజికి ఆమె పేరు పెట్టి, జాతి తన బాకీ తీరిందనుకుంటోంది.

తీరలేదంటాం మేము. బినోదిని 1912లోనే 'ఆమార్ కథ' రాసి లెక్క అప్పజెప్పింది. మన కళావంతుల స్త్రీల లెక్క, చిందు మాదిగల లెక్క రాయాల్సింది ఎవరు?